నీళ్ళెక్కేదాకా టైము

నెల్లూరు బస్టాండులో సంగం బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ముసలాయన నా మొహంలోకి తేరిపార చూసి, "నువ్వు ఉప్పుకొటార్ల గుమాస్తా కూతురివి గదమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఆయన్ని నేను గుర్తుపట్టలేదు. ఒకప్పుడు మా ఊరి కాలువలో కట్టెల పడవ నడిపేవాణ్ణని తనే చెప్పుకున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, తన బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "నీకు తెలిసే ఉంటదిలే. మీ లాకు మామ పొయ్యినాడు. ఇరవై రోజులైంది" అన్నాడు.

నాకు తెలియదు. ఎవరు చెప్తారు? పదేళ్ళుగా ఆ ఊరి మొహం చూడని దాన్ని. సంగం బస్సు వచ్చింది, జనం ఎక్కారు, పోయింది. నేను అక్కడే ఉన్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ముందుగా నాకు కలిగింది ఊరట. హమ్మయ్య, ఇంక ఆయన నన్ను అడగడు అనుకున్నాను. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. అది ఇంకా వదల్లేదు, వదలాలని కూడా లేదు.

మా ఊరు కృష్ణపట్నానికి ఎగువన, బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఉంటుంది. నా చిన్నతనంలో కాలువ నిండా పడవలే. ఉప్పు, సరుగుడు కట్టెలు, వడ్లు వేసుకుని మద్రాసు దాకా పోయేవి. మా ఊరి దగ్గర కాలువకి ఒక లాకు ఉంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. తూము ఎత్తుతారు. నీళ్ళు మెల్లగా ఎక్కి అవతలి మట్టానికి వస్తాయి. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు, పడవ సాగిపోతుంది. ఎంత లేదన్నా పావుగంట పని. ఆ పని చేయించే ఉద్యోగి ఆయన. ఊరందరికీ లాకాయన. నాకు మామ, ఎందుకంటే ఆయన కూతురు సువార్త నా జత. ఒకే ఈడు, ఒకే బెంచీ. వాళ్ళు ప్రార్థనకి పోయేవాళ్ళు, మేం గుడికి పోయేవాళ్ళం. మిగతా రోజులన్నీ నేను వాళ్ళింట్లోనే పడి ఉండేదాన్ని.

ఖాకీ చొక్కా, మోకాళ్ళదాకా ఎగగట్టిన పంచె, చెవి మీద పెన్సిలు. పడవ లోపలికి వచ్చి తలుపులు మూసుకున్నాయో లేదో, గట్టు మీద గొంతుక్కూర్చుని పడవవాళ్ళ వైపు వేలు చూపించేవాడు.

"తేనెటీగకి కళ్ళు ఎన్ని? చెప్పండ్రా. నీళ్ళెక్కేదాకా టైము."

అదీ ఆయన పద్ధతి. ప్రశ్న వినకుండా ఆ లాకు దాటిన పడవ లేదు. కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు, ఇదేదో సర్కారు రూలేమోనని చేతులు కూడా కట్టుకునేవాళ్ళు. పాతవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

"దాని కళ్ళతో మాకేం పని సామీ? తేనె ఉంటే పొయ్యండి."

"కళ్ళెన్నో తెలీకుండా తేనె తింటావా? సిగ్గులేదంట్రా?"

"రెండు."

"ఊహించినావు. తప్పు. అయిదు."

ఊహించి చెప్పడమంటే ఆయనకి ఒళ్ళుమంట. తెలిసి చెప్తే చొక్కా జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చేవాడు. తెలీదని చెప్తే కూడా అంతే ముక్క ఇచ్చేవాడు. "తెలీదనేది గూడా జవాబేరా. ఊహించేవాడే దొంగ" అనేవాడు. ఆ బెల్లానికి ఎప్పుడూ పెన్సిలు చెక్కిన పొట్టు అంటుకుని ఉండేది, చీమలు కూడా ఉండేవి. మేం దులుపుకుని తినేవాళ్ళం. సూర్యుడి వెలుతురు మన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందని ఒకసారి అడిగి, ఎవరూ చెప్పలేకపోతే, "ఎనిమిది నిమిషాలు. నీళ్ళెక్కేలోపల రెండుసార్లు వచ్చేసి ఉంటది, మీరింకా తల గోక్కుంటా ఉండారు" అని పగలబడి నవ్వాడు. నవ్వితే భుజాలు కూడా ఎగిరేవి.

చదివింది ఐదో తరగతి, మిషను స్కూల్లో. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఒక పాత డిక్షనరీ ఉండేది. మొదటి అక్షరం పేజీలన్నీ చెదలు తినేశాయి. ఆ అక్షరంతో మొదలయ్యే మాట తగిలితే "ఇది దేవుడికే తెలియాల" అని దాటిపోయేవాడు. ప్రశ్నలన్నీ రాసుకునే నోటుబుక్కులు మూడు ఉండేవి. పేపర్లలో, పొట్లాం కాగితాల్లో, పాదిరిగారి ప్రసంగంలో, ఎక్కడ ఏ సంగతి దొరికినా పెన్సిలుతో ఎక్కించేవాడు.

ఇక బొమ్మల పుస్తకాలు. మద్రాసు పేవుమెంట్ల మీద దొరికే ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలు, దొరల దేశపు పాత గొప్ప కథలు, పడవవాళ్ళు ఆయన కోసం పట్టుకొచ్చేవాళ్ళు. పేజీకి ఆరు గళ్ళు, గడికో రంగుల బొమ్మ, మనుషుల నోటి పక్కన బుడగలు, బుడగల్లో మాటలు. ఆదివారం ప్రార్థన అయి అన్నాలు తిన్నాక, తూము పక్కన గానుగ చెట్టు నీడలో మమ్మల్నిద్దర్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని చదివేవాడు. ముందు బుడగని బొటనవేలితో మూసేసేవాడు.

"మొహం చూడు. ఏమంటా ఉండాడు వీడు?"

"అప్పు అడగతా ఉండాడు" అనేది సువార్త.

"కాదు. రాణిగారికి యుద్ధం ఓడిపోయినామని చెప్తా ఉండాడు."

"అప్పు అడిగేవాడి మొహం అట్నే ఉంటది నాయనా. మన కొట్టాయన కాడ చూళ్ళేదా?"

ఒక కథలో ఓ దొరసాని సముద్రం మీదికి పోయిన మొగుడి కోసం ఒడ్డున దీపం పెట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుని ఉంటుంది. మా పట్టపువాళ్ళ ఆడవాళ్ళు కూడా ఒడ్డున కూర్చుంటారు గానీ వల బాగుచేసుకుంటూనో చేపలు ఎండేసుకుంటూనో కూర్చుంటారు. "ఈమెకి వంటా వార్పూ లేదా? చెమట గూడా పట్టదా?" అని సువార్త కోప్పడింది. మామ ఆలోచనలో పడి, చివరికి "తెలీదు" అన్నాడు. అని, తన జేబులోంచి తనే బెల్లం తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆ పుస్తకాలకి ఒక లోపం ఉండేది. పేవుమెంటు సరుకు కదా, ముందు అట్ట, వెనక అట్ట, కడపేజీ ఊడిపోయి ఉండేవి. కథ ఎలా ముగిసిందో ఒక్కదానికీ తెలిసేది కాదు. ఓడ వచ్చిందా లేదా, రాణి బతికిందా లేదా, అంతా గాల్లోనే. ఎలా అయ్యుంటుందో చెప్పమని అడిగితే మామ చెప్పేవాడు కాదు. ఊహించకూడదు కదా! "లేని పేజీ నేను చదవలేనమ్మా" అనేవాడు. అలా అన్నప్పుడు మాత్రం ఆయన మొహం చిన్నబోయేది. సువార్త అది గమనించేది. నేనూ గమనించాను గానీ దానిలాగా పట్టించుకోలేదు. నా తండ్రి కాదు కదా.

ఇంత మంచివాడిలో ఒక చెడ్డ గుణం ఉంది, అది కూడా చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. అత్తని, అంటే ఆయన భార్యని, ఆయన నలుగురిలో వేళాకోళం చేసేవాడు. ఆమె అల్లూరు వైపు మనిషి. ఆదివారం తప్పకుండా ప్రార్థనకి పోయేది, తుమ్మితే ఆగేది కూడా. దిష్టి తీసేది. ఒకసారి సువార్తకి జ్వరం వస్తే ఎవరో మంత్రించి ఇచ్చిన తాడు కట్టింది. మామ దాన్ని తెంపి, లాకులో ఉన్న పడవవాళ్ళందరికీ ఎత్తి చూపించి, "చూడండ్రా, ప్రపంచమంతా ముందుకు పొయ్యింది. మా ఇంట్లోది మాత్రం ఇంకా తాళ్ళు కడతా ఉండాది" అని కాలువలోకి విసిరాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్త తల వంచుకుని లోపలికి పోయి చేపలు తోముకుంది. అప్పటినుంచీ ఆమె ఏం చేసినా ఆయనకి తెలియకుండానే చేసేది.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా, నెల్లూరులో ఒక హైస్కూలు వాళ్ళు జిల్లా పిల్లలకి జనరల్ నాలెడ్జి పోటీ పెడుతున్నారని మా అయ్యవారు చెప్పాడు. స్కూలుకి ఇద్దరు. మా స్కూల్నించి ఇంకెవరు, మేమే. ఫస్టు ప్రైజు ఏమిటో చెప్పేసరికి సువార్త నా చెయ్యి గిల్లింది. రంగుల బొమ్మల కథల పుస్తకాలు, ఆరు, సరికొత్తవి.

"కొత్తవైతే కడపేజీ ఉంటదిమే" అంది దారిలో. "నాయన ఒక్క కథన్నా కడదాకా చదవాల."

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నేను ఆయనకి చెప్పాల్సిన మాట ఇదే.

నెలరోజులు మామ మమ్మల్ని కాల్చుకు తిన్నాడు. బడినుంచి రాగానే లాకు గట్టు మీద నిలబెట్టేవాడు. పడవవాళ్ళు కూడా మా తరఫున ఉత్సాహపడి, నీళ్ళెక్కినా పోకుండా, "ఇంకొకటి అడగండి సామీ, ఆ పిల్ల చెప్పద్ది" అనేవాళ్ళు. ఎవరెస్టు, ఒంటె, ధ్రువాలు, గ్రహణాలు, రైలు కనిపెట్టినవాడు, పిచ్చికుక్క కాటుకి మందు కనిపెట్టినవాడు. కనిపెట్టినవాళ్ళ పేర్లయితే సువార్తకి నోట్లోనే ఉండేవి.

పోటీకి ఇంకా ఎనిమిది రోజులుందనగా, కట్టెల అడితి దగ్గర ఒక ఊరకుక్క పిల్ల సువార్త చెయ్యి కరిచింది. పెద్ద కాటేమీ కాదు. ఎడమ మణికట్టు మీద రెండు పళ్ళు దిగాయి, రక్తం బొట్లు బొట్లుగా వచ్చింది. కుక్క నోట్లో నురగ ఉంది. అది చూశాం మేము. చూడలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, అబద్ధం.

చిన్నపిల్లలు, ఏం తెలుసు పాపం అంటారేమో. మాకు తెలుసండీ. అదే నా బాధ. ఊళ్ళో ఇంకెవరికీ తెలియనంతగా మా ఇద్దరికీ తెలుసు. మందు ఎవరు కనిపెట్టారో తెలుసు. అది నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉంటుందని, బొడ్డు చుట్టూ పధ్నాలుగు రోజులు సూదులు పొడుస్తారని కూడా నోటుబుక్కులో ఉంది. పధ్నాలుగు రోజులంటే పోటీకి పోలేం. లెక్క కట్టింది సువార్తే.

"నాయనకి చెప్తే ఇప్పుడే బస్సెక్కిస్తాడు. చెప్పొద్దుమే. పోటీ కాంగానే చెప్దాం."

"ఏమన్నా అయితే?"

"ఏడు బావులు చూద్దాం పా."

కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగిచూడాలని మా వైపు అంటారు. నీళ్ళలో నీడ తిన్నగా కనిపిస్తే ఫరవాలేదట. లాకాయన కూతురు, తాళ్ళు తెంపే ఆయన కూతురు, ఆ మాట అంది! నేను వెంటనే సరేనన్నాను. సాయంత్రం లోపల ఊరంతా తిరిగాం. కరణంగారి బావి, గుడి బావి, పట్టపుపాలెం దిగుడు బావి, ఇలా ఏడు. ప్రతి బావి దగ్గరా సువార్త నడుము పట్టుకున్నది నేనే. ఏడోదానిలో అది తన నీడకి నాలిక చాపి చూపించి నవ్వింది. పరికిణీ అంచు చింపి గుడ్డ కట్టాను. ముల్లు గీసుకుందని చెప్పమన్నాను. నాలుగు రోజులకి ఆ కుక్కపిల్ల ఎక్కడా కనిపించలేదు. మధ్యలో ఒకరోజు సువార్త అల్లూరులో పెద్దమ్మ ఇంటికని వాళ్ళమ్మతో పోయి వచ్చింది. గాయం ఎండింది.

పోటీలో గెలిచాం. పిచ్చికుక్క మందు ప్రశ్న కూడా వచ్చింది. సువార్త ఎడమ చెయ్యే ఎత్తి పేరు చెప్పింది. చెప్పి, నా వైపు ఓరగా చూసింది. మేమిద్దరం బల్లకింద కాళ్ళు తొక్కుకుని నవ్వుకున్నాం. వెనక బెంచీలో మామ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, కూర్చోమని ఎవరో భుజం నొక్కుతున్నారు, ఆయన కూర్చోడే!

పుస్తకాల కట్ట ఆ స్కూలు వరండాలోనే విప్పేశాడు. మొదటి పేజీ చూడలేదు. ఒకటి తీసి తిన్నగా కడపేజీ తిప్పాడు. నిలబడి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. "వచ్చేసినాడుమే, వాడు ఇంటికొచ్చేసినాడు!" అని అరిచాడు. ఎవడు, ఏ కథ, మాకింకా తెలీదు. సువార్త ఆయన మొహమే చూస్తూ ఉంది. అంత సంతోషం నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు, ఆ తండ్రి మొహంలోనూ, ఆ పిల్ల మొహంలోనూ.

పోటీ కాంగానే చెప్దామనుకున్నాం కదా. చెప్పలేదు. గాయం మానిపోయింది, మచ్చ కూడా చిన్నది. మానిన దాని గురించి చెప్పి తిట్లు తినడం ఎందుకు? రోజూ ఒక పుస్తకం, రోజూ ఒక కడపేజీ. ఆ రోజుల్లో వాళ్ళింట్లో పండగలా ఉండేది.

నెల దాటాక ఒక పొద్దున సువార్త చెయ్యి తిమ్మిరిగా ఉందంది. మర్నాటికి జ్వరం. ఆ మర్నాడు అత్త గ్లాసుతో నీళ్ళిస్తే గ్లాసు చూసి వణికిపోయింది.

లాకు పక్కనే వాళ్ళ ఇల్లు. తూము ఎత్తితే నీళ్ళ హోరు గదిలోకి వినిపిస్తుంది. ఆ హోరుకి పిల్ల మెడ బిగుసుకుపోయి కేకలు పెడుతోంది. మామ పరుగెత్తి వచ్చి తూము దించేశాడు. బండి కట్టించేదాకా, ఆ పొద్దంతా, లాకు తెరవలేదు. రెండు పక్కలా పడవలు ఆగిపోయాయి. ముప్పై దాకా ఉంటాయేమో. పైనుంచి ఎవరో ఆఫీసరు తర్వాత ఆయన్ని సంజాయిషీ అడిగాడట. పడవవాళ్ళు మాత్రం తెడ్డు నీళ్ళలో పడితే చప్పుడవుతుందని తెడ్లు పైకి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను అవతలి గట్టు మీద నిలబడి చూశాను. లోపలికి పోలేదు. నన్ను చూసి అది అందరిముందూ చెప్పేస్తుందేమోనని భయం. ఇంత నీచం నాలో ఉందని ఆ రోజే తెలిసింది నాకు.

నెల్లూరులో డాక్టరు ఒకే ప్రశ్న అడిగాడట, "కుక్క ఎప్పుడు కరిచింది?" అని.

"కుక్క కరవలేదు సార్" అన్నాడట మామ.

డాక్టరు పిల్ల చెయ్యి తిప్పి మచ్చ చూపించాడట. "ఇదేంటయ్యా మరి? ఏం తండ్రివి నువ్వు?"

రెండో రోజు పోయింది. ఇసకదిబ్బ మీద వాళ్ళ సమాధుల దొడ్లో పెట్టారు. ఆరు పుస్తకాలూ పెట్టెలో దాని పక్కనే పెట్టాడు మామ.

వారం తిరక్కముందే ఆయన మా ఇంటికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. నేను మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా అమ్మ గుమ్మంలో నిలబడింది. ఆయన చెవి మీద పెన్సిలు లేదు. నా ముందు గొంతుక్కూర్చుని, బియ్యం వైపు చూస్తూ అడిగాడు.

"కుక్క కరిసిందని నీకు తెలుసామ్మా?"

"తెలీదు మామా."

"దానికి తెలిసి గూడా నాకు చెప్పలేదు. అంత భయపెట్టినానా దాన్ని?"

నోట్లో మాట ఉంది. భయం కాదు మామా, నీ కోసం మామా, నీకు కడపేజీ ఉన్న పుస్తకం గెలవాలని మామా. మా అమ్మ చూస్తోంది. ఒళ్ళో చేట ఒరిగి బియ్యం కింద ఒలికాయి. ఆయన ఆ గింజలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసి, "తెలీదంటే తెలీదనే చెప్పాలమ్మా. నువ్వు మంచిదానివి" అని లేచి పోయాడు.

ఆ తర్వాత ఆయన పడవవాళ్ళని అడిగే ప్రశ్న మారిపోయింది. నోటుబుక్కులు ఏమయ్యాయో తెలీదు. లాకు తలుపులు మూయగానే గట్టు మీద కూర్చుని ఒకటే అడిగేవాడు.

"మీ పిల్లకాయలు మీకు అన్నీ చెప్తారా?"

మొదట్లో కొందరు నవ్వులాటగా "ఏం చెప్తారు సామీ, దొంగ నాయాళ్ళు" అన్నారు. ఆయన నవ్వకపోయేసరికి మానుకున్నారు. నీళ్ళెక్కేదాకా తాళ్ళు సర్దుకుంటూ కూర్చునేవాళ్ళు. పడవ పోయేది, ఇంకో పడవ వచ్చేది, మళ్ళీ అదే ప్రశ్న. బెల్లం లేదు. నేను బడికి ఆ గట్టు మీద పోవడం మానేసి చుట్టుదారిన పొలాలమ్మట పోయేదాన్ని. మరుసటి ఏడు నెల్లూరు హాస్టల్లో చేరాను. మా నాన్నకి బదిలీ అయింది. ట్రైనింగు చేశాను, సంగంలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఎవరి దగ్గర అడ్రసు తీసుకున్నాడో, ఆయన నుంచి ఒక కార్డు వచ్చింది, పెన్సిలు రాత. "పిల్లకాయలు నీకు భయపడకుండా చూసుకో అమ్మా." అంతే. జవాబు రాద్దామని ఎన్ని కార్డులు కొన్నానో! ఒక్కటీ రెండో వాక్యం దాటలేదు.

బస్టాండులో ఆ మాట విన్న మర్నాడు సెలవు పెట్టి మా ఊరు పోయాను. కాలువలో పడవలు పెద్దగా లేవు, సరుకంతా లారీల మీదే పోతోందట. లాకు తలుపులకి నాచు పట్టింది. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. చిక్కి సగమైంది. నన్ను చూడగానే గుర్తుపట్టి చాప పరిచింది.

నేను ఇంక ఆగలేకపోయాను. దారంతా కూడగట్టుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కుక్క, నురగ, ఏడు బావులు, పోటీ, కడపేజీ, బియ్యపు చేట. చెప్పి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఏడవబాకమ్మే" అంది అత్త. "నాకు తెలుసు."

నాకు అర్థం కాలేదు.

"తలకి నీళ్ళు పోస్తా చూసినా దాని చెయ్యి. అడిగితే చెప్పేసింది, అన్నీ. నువ్వు బావులు చూపించినావని గూడా. నాయనకి చెప్పొద్దని నా గెడ్డం పట్టుకుంది. సరే అని అల్లూరు తీసుకుపొయ్యి ఆకు పసరు బెల్లంలో పెట్టి మింగించినా. ఈడ ఆ కుక్కపిల్ల కట్టెల చాటున చచ్చి పడుంటే నేనే ఇసకలో పూడ్చినా. పసరు పడింది గదా, ఇంకేం గాదులే అనుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "తాడు కట్టినందుకే లాకంతా నవ్వించినాడు. పసరు సంగతి చెప్తే ఏమంటాడో అని నోరు మూసుకున్నా. ఆ డాక్టరు అడిగేటప్పుడు గూడా పక్కనే ఉండా నేను."

"మామకి..."

"యాడ చెప్పేది? బిడ్డ పొయ్యినాక ఏ నోటితో చెప్పేది? నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వొచ్చి ఎప్పుడు చెప్పేస్తావో అని పదేళ్ళు హడలిపోతా బతికినా. నువ్వు ఈ పక్కకి రాకపోతే, దేవా, ఈ పొద్దు గూడా కాచినావు అని దణ్ణం పెట్టుకున్నా."

బయట లాకు దగ్గర ఎవరో కొత్త పనివాడు తలుపుల నాచు గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త చాప అంచు పీకుతూ, నేను అడగకుండానే మళ్ళీ తనే మాట్లాడింది.

"మీ మామ పొయ్యే రోజు మధ్యాన్నం కాళ్ళు పట్టతా కూర్చోనుండా. కళ్ళు తెరిచి నన్ను అడిగినాడు, 'నీకన్నా చెప్పిందంటే నాకు అంత బాధ ఉండదు, నిజం చెప్పు, నీకన్నా చెప్పిందా?' అని. నా పక్కే చూస్తా ఉండాడు. నోటిదాకా వచ్చిందమ్మే."

"ఏం చెప్పావత్తా?"

"లేదన్నా."